అభిమాన బ్యాండ్ కొత్త ఆల్బమ్ ఉసూరుమనిపించినప్పుడు

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి. అంటే ఏళ్ల తరబడి ఎదురుచూసిన పాటల్ని చాలామంది మొదటిసారి వినేది పనిరోజు పొద్దున్నే, బరంపురం నుంచి ఇచ్ఛాపురం పోయే బస్సులో, ఒక చెవిలో ఇయర్‌బడ్, ఇంకో చెవి కండక్టర్‌కి అప్పగించి. పదింటికల్లా గ్రూపులో తీర్పు పడిపోతుంది: "అయిపోయిందిరా ఆళ్ల పని." ఆ తీర్పులో బ్యాండ్ వాటా ఎంత, బస్సు వాటా ఎంత, మన ఆశ వాటా ఎంత అన్నది విడదీయడానికి ఒక పద్ధతి ఉంది. పది రోజులు పడుతుంది. డబ్బు ఖర్చేమీ లేదు.

ముందు చెవిలో పెట్టుకున్నదాన్ని అనుమానించండి

అదే బ్యాండ్ పాత ఆల్బమ్‌లోంచి మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. దీన్ని కొలతపాట అందాం. అందులో మూడు గుర్తులు పెట్టుకోండి: బేస్ గిటార్ వాయించే వరస (నోటితో హమ్ చేయగలిగినది), కుడి పక్కనో ఎడమ పక్కనో మాత్రమే వినిపించే ఒక చిన్న వాద్యం, గాయకుడు ఊపిరి పీల్చే చోటు. గుర్తులు ఎందుకంటే, బాగా తెలిసిన పాటలో వినిపించని భాగాన్ని కూడా మనసు తనే పూరించేస్తుంది. కొత్త పాటకి ఆ సాయం ఉండదు. ఒకే ఇయర్‌బడ్‌లో పాత పాట నిండుగా, కొత్త పాట పలచగా అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

బేస్ వరస వినిపించకపోతే బడ్‌ని వేలితో చెవిలోకి మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారి పెరిగిందా? అయితే టిప్ (చెవిలోకి పోయే మెత్తని రబ్బరు తొడుగు) చిన్నది, గాలి లీకవుతోంది. డబ్బాలో వచ్చిన మూడు జతల్లో ఒక సైజు పెద్దది వేయండి. మన వైపు ఉక్కకి చెమట పట్టి టిప్ జారిపోవడం మామూలే, కాబట్టి వినేముందు చెవినీ టిప్‌నీ పొడిగుడ్డతో తుడవాలి. ఒక పక్క శబ్దం తగ్గినట్టుంటే జాలీలో గులిమి చేరిందన్నమాట. జాలీని కిందికి తిప్పి పట్టుకుని పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా గీయండి. జాలీ పైకి పెట్టి గీస్తే గులిమి లోపలికే పోతుంది. నీళ్లు తగలనివ్వొద్దు. అప్పటికీ తేడా ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత నడిమధ్యలో ఉందా, "మోనో ఆడియో" పొరపాటున ఆన్ అయి ఉందా చూడండి.

ఒక్క బడ్‌తో విని తీర్పు చెప్పడం సగం భోజనం తిని వంట బాలేదనడమే. రెండు గిటార్లని చెరో పక్కన పెట్టి రికార్డు చేసే బ్యాండ్‌లు ఎన్నో. కొన్ని బడ్స్ ఒంటిగా ఉన్నప్పుడు రెండు పక్కలనూ కలిపి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కలిపి ఇచ్చినా, వాద్యాల మధ్య ఉండాల్సిన ఎడం పోతుంది.

లాప్‌టాప్‌తో వినేవాళ్లకి ఇంకో చిక్కు. మీటింగ్ యాప్ వెనకాల తెరిచి ఉండి మైక్ వాడుతుంటే, బ్లూటూత్ హెడ్‌ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోతుంది. పాట మొత్తం పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు వస్తుంది. యాప్ పూర్తిగా మూసేస్తే ఒకట్రెండు క్షణాల్లో సర్దుకుంటుంది.

ఇక నెట్. రాయగడ నుంచి కోరాపుట్ రైల్లో వరస సొరంగాలు, సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కే బస్సులో వరస మలుపులు. సిగ్నల్ వచ్చిపోతుంటుంది. క్వాలిటీ "ఆటోమేటిక్"‌లో ఉంటే యాప్ ఆగిపోకుండా నాణ్యత తగ్గించి నెట్టుకొస్తుంది, మీకు చెప్పదు. తాళాలు బుస్‌మంటాయి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. ముందురోజు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. లెక్క ఇది: 45 నిమిషాల ఆల్బమ్ సెకనుకి 320 కిలోబిట్ల నాణ్యతలో దాదాపు 108 మెగాబైట్లు, 128లో 43, 48లో 16. రోజువారీ డేటా ప్యాక్‌లో 108 పెద్ద బరువేం కాదు. డౌన్‌లోడ్ క్వాలిటీకి సెట్టింగ్స్‌లో వేరే గడి ఉంటుంది. స్ట్రీమింగ్ క్వాలిటీ ఒక్కటే పెంచి, డౌన్‌లోడ్‌ది మర్చిపోవడం అందరూ చేసే తప్పు.

ఇంట్లో రెండు స్పీకర్ల మీద వినేవాళ్లు స్పీకర్ల మధ్య ఐదడుగులుంటే తాము కూడా వాటికి ఐదడుగుల దూరంలో కూర్చోవాలి. స్పీకర్‌ని గది మూలకి నెడితే బేస్ ఉబ్బుతుంది. టైల్స్ నేల, సిమెంటు గోడలు, కర్టెన్లు లేని హాల్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెనక "టింగ్"మని తోక వినిపిస్తే ఆ గది కొత్త ఆల్బమ్‌కి పనికిరాదు. నేల మీద బొంత పరిచి, ఎదురుగోడకి మందపాటి దుప్పటి వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది.

ఊళ్లో ఠాకురాణి యాత్ర రోజుల్లోనో, పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నడిచొచ్చాకో చెవులు గుయ్‌మంటుంటే ఆ రాత్రి కొత్త పాటలు ముట్టుకోకండి. అలసిన చెవికి సన్నని శబ్దాలు సరిగా అందవు. నిద్రపోయి లేచి వినండి.

వాల్యూమ్ చేసే మోసం

దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే అభిమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, సన్నని తాళాలు రెండూ మధ్య స్వరాలకంటే బాగా తగ్గి వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో దీన్ని కొలిచి గీతలు గీశారు. అందుకే ఒకే పాట కొంచెం పెంచితే "నిండుగా", తగ్గిస్తే "చప్పగా" అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడాని చెవి వాల్యూమ్‌గా గుర్తుపట్టదు, "ఇది బాగుంది" అని మాత్రం చెప్పేస్తుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక చిన్నగా పెట్టుకుని విన్న కొత్త ఆల్బమ్‌ని, కాలేజీ రోజుల్లో గట్టిగా విన్న పాతదానితో పోల్చడం అన్యాయం.

యాప్ సెట్టింగ్స్‌లో "నార్మలైజ్ వాల్యూమ్" ఆన్ చేయండి. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) అనే సగటు మట్టానికి తెస్తుంది. ఇప్పుడు కొలతపాట ఒక నిమిషం, కొత్త పాట ఒక నిమిషం, వాల్యూమ్ బటన్ ముట్టుకోకుండా మార్చి మార్చి వినండి. మట్టం ఒకటే అయినా కొత్తదాంట్లో డ్రమ్ దెబ్బకి ఊపు లేక, పల్లవి వచ్చినా పాట పైకి లేవకుండా, మూడు పాటలకే తల బరువెక్కితే తప్పు మీ చెవిది కాదు. మాస్టరింగ్‌లో (రికార్డింగ్ అయ్యాక విడుదలకి ముందు చేసే చివరి సర్దుబాటులో) శబ్దాన్ని నొక్కి నొక్కి పెంచారు. మెత్తని చోటుకీ గట్టి చోటుకీ తేడా చచ్చిపోయింది.

పాటల ఫైల్ మీ దగ్గరుంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. పాత ఆల్బమ్ పాట చేపముళ్లలా పైకీ కిందికీ లేచి కనిపిస్తుంది. నొక్కేసిన పాట ఇటుకలా, పైన కింద చదునుగా ఉంటుంది. మెటాలికా 2008 ఆల్బమ్ "డెత్ మాగ్నెటిక్" విషయంలో జరిగింది ఇదే. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి. అభిమానులు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, మళ్లీ మాస్టర్ చేయమని సంతకాలు పెట్టారు. పాటలు బాగాలేవనుకున్నవాళ్లలో కొందరి తగువు నిజానికి పాటలతో కాదు.

ఇలాంటి ఆల్బమ్‌కి మందు సులువు. వాల్యూమ్ రెండు గీతలు తగ్గించి, ఒకే కూర్చోడంలో కాకుండా సగం సగంగా వినాలి. లైవ్ రికార్డింగ్ వస్తే పాటల్ని దాన్ని బట్టి అంచనా వేయాలి. ఎల్పీ (వినైల్ రికార్డు) కొంటే బాగుంటుందనుకునేవాళ్లు జాగ్రత్త: దానికి విడిగా మాస్టర్ చేస్తేనే తేడా ఉంటుంది, అన్నిటికీ చేయరు.

ఒక హెచ్చరిక కూడా. బేస్ వినిపించలేదని ప్రతిసారీ ఇయర్‌బడ్‌ని తిట్టడానికి లేదు. ఇదే మెటాలికా 1988 ఆల్బమ్‌లో బేస్ గిటార్ దాదాపు వినిపించకుండానే మిక్స్ చేశారు (వాద్యాల శబ్దాలు కలిపి సర్దారు). కొలతపాటలో బేస్ ఉండి కొత్తదాంట్లో లేకపోతే అది మిక్స్ సంగతి. రెంట్లోనూ లేకపోతే టిప్ సంగతి.

పది రోజుల్లో ఐదుసార్లు

మొదటిసారి: మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరసలో, ఫోన్ బోర్లా పెట్టి. షఫుల్ ఆపేయండి. వరస బ్యాండ్ రాసుకున్నదే. 2021 నవంబరులో గాయని అడెల్ అడిగిందని స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ని మామూలు బటన్‌గా తీసేసింది. అయినా మీ ఖాతాలో ఎలా ఉందో చూసుకోండి. ఫ్యాన్ ఆపలేరు, నిజమే, కానీ మిక్సీ, కుక్కర్ పనిచేసే వేళ కాకుండా చూసుకోవచ్చు.

రెండోసారి మర్నాడు కాదు, ఒకరోజు వదిలి. మూడోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. నాలుగోసారి బట్టలు మడతపెడుతూనో, నడకలోనో. ఆ తర్వాత నాలుగైదు రోజులు పూర్తిగా ఆపి, ఐదోసారి.

వినేటప్పుడు పక్కన కాగితం ఉంచండి. సమీక్ష రాయడానికి కాదు. "తర్వాతి పాటకి పోదాం" అని చేయి లేచిన చోటు మాత్రం రాయాలి, దాటేయకుండా వింటూనే. ఇలా:

3వ పాట, 1:10. డ్రమ్ డొల్లగా ఉంది.
5వ పాట, 0:05. మొదలే చిరాకు.
8వ పాట, 2:40. పల్లవి నాలుగోసారి వచ్చింది.

రెండోసారి కొత్త కాగితం. మొదటిది చూడకూడదు. మూడోసారి అయ్యాక మూడూ పక్కపక్కన పెట్టండి. మూడుసార్లూ 8వ పాట 2:40 దగ్గరే చేయి లేచిందా? ఆ పాటలో నిజంగానే సాగదీత ఉంది, నిర్భయంగా చెప్పొచ్చు. ఒకసారి 3, ఒకసారి 6, ఒకసారి ఎక్కడా లేవలేదా? అది ఆరోజు మీ మూడ్. ఇక 0:05 రకం గమ్మత్తుగా ఉంటుంది: పాట మొదలవకముందే చిరాకు పడ్డారంటే మీరు విన్నది పాటని కాదు, "ఇది మా బ్యాండ్‌లా లేదు" అన్న ఆలోచనని. అలాంటి గుర్తులు మూడోసారికి సాధారణంగా మాయమవుతాయి. కాకపోతే అప్పుడు చూద్దాం.

ఐదుతో ఎందుకు ఆపాలంటే, పదే పదే ఎదురైనదాన్ని మనసు ఇష్టపడటం మొదలుపెడుతుంది. జాయన్స్ అనే మనస్తత్వవేత్త 1968లో దీన్ని ప్రయోగాలతో చూపించాడు. ఇరవైసార్లు వింటే వాషింగ్ పౌడర్ ప్రకటన కూడా నోట్లో ఆడుతుంది. ఐదుసార్లు న్యాయం. ఇరవైసార్లు మొహమాటం.

ఏది పోయిందో పేరు పెట్టి చెప్పడం

"ముందులా లేదు" అన్నది బాధే కానీ సమాచారం కాదు. కాగితాలు చూసుకుంటూ, పోయింది ఏదో తేల్చుకోండి.

మనుషులు మారారా? ఇండియన్ ఓషన్‌నే తీసుకోండి. "కందీసా" వచ్చింది 2000లో. తబలా, గొంతు రెండూ అయిన అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులో పోయారు. గిటారిస్టు సుస్మిత్ సేన్ 2013లో బయటికొచ్చారు. 2014లో "తాండను" విని "ఆ పాత ఊపు లేదు" అన్నవాళ్లు వెతికిన ఊపు ఇద్దరు మనుషుల చేతుల్లో ఉండేది. కొత్త ఆల్బమ్ వినేముందు ఎవరు ఏం వాయించారో క్రెడిట్స్ చదివితే సగం నిరాశ ముందే సర్దుకుంటుంది. యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే చాలాచోట్ల క్రెడిట్స్ కనిపిస్తాయి.

దారి మారిందా? రేడియోహెడ్ 1997 ఆల్బమ్ తర్వాత 2000లో "కిడ్ ఎ" తెచ్చినప్పుడు గిటార్లు వెనక్కి పోయి ఎలక్ట్రానిక్ శబ్దాలు ముందుకొచ్చాయి. చాలామంది బిత్తరపోయారు. ఇప్పుడది గొప్ప ఆల్బమ్‌ల జాబితాల్లో ఉంటుంది. కానీ ఈ ఉదాహరణని అభిమానులు అరగదీసేశారు. అర్థంకాని ప్రతి ఆల్బమూ కిడ్ ఎ అయిపోదు. దారి మారితే పరీక్ష ఒక్కటే: కొత్త దారిలో ముందే నడుస్తున్న వేరే బ్యాండ్ ఆల్బమ్ ఒకటి వినండి. దాని పక్కన మీవాళ్లది నిలబడితే దారి మీకు కొత్త, అంతే. నిలబడకపోతే వాళ్లకే కొత్త.

గొంతు వయసు చాలా సాదా విషయం. ఏళ్లు గడిచాక శ్రుతి అరమెట్టో మెట్టో దించి పాడటం మామూలు. ట్యూనర్ యాప్‌తో పాత పాట లైవ్‌లో ఎంత దించారో చూస్తే తెలిసిపోతుంది.

ఆశ సంగతి మాత్రం లెక్క లాంటిది. మిమ్మల్ని అభిమానిగా మార్చిన ఆల్బమ్ ఆ బ్యాండ్ సెంచరీ కొట్టిన రోజు. సెంచరీ తర్వాతి ఇన్నింగ్స్ ఎక్కువసార్లు సగటుకి దగ్గరగానే ఉంటుంది, ఆట మర్చిపోయినందువల్ల కాదు. ఎదురుచూపు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. గన్స్ ఎన్ రోజెస్ సొంత పాటల ఆల్బమ్‌లు 1991లో రెండు వచ్చాయి, ఆ తర్వాతిది 2008లో. 17 ఏళ్ల ఆకలికి ఏ భోజనమూ సరిపోదు. అందుకని కొత్తదాన్ని బ్యాండ్ అత్యుత్తమ ఆల్బమ్‌తో కాక, మధ్యరకం ఆల్బమ్‌తో పోల్చండి. ప్రతి బ్యాండ్‌కీ మీరు ఎప్పుడూ పూర్తిగా వినని ఆల్బమ్ ఒకటుంటుంది, అదే సరైన తూకం.

మాట అందకపోవడం

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, స్కూల్లో ఇంగ్లిష్, టీవీలో హిందీ. పర్లాకిమిడిలోనో జయపురంలోనో పెరిగిన చెవికి నాలుగు భాషల్లోనూ పాట వినే అలవాటుంటుంది, మాట పూర్తిగా పట్టకుండానే. పాత ఆల్బమ్‌లో ట్యూన్ బలంతో మాట అక్కర్లేకుండానే గడిచిపోయింది. వయసొచ్చిన బ్యాండ్‌లు ట్యూన్ తగ్గించి మాట పెంచుతుంటాయి. అక్కడే మనకి చప్పబడుతుంది. మూడోసారి సాహిత్యంతో వినమన్నది ఇందుకే. పాట వింటూ చదవకండి. ముందు చదివి, తెలియని మాటలకి అర్థం చూసుకుని, తర్వాత పాట పెట్టండి. రెండూ ఒకేసారి చేస్తే రెండూ పోతాయి.

దీనికి తిరగబడ్డ సమస్య కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే బ్యాండ్‌లతో వస్తుంది. త్యాగరాజ కృతిని తెలుగు రాని గాయకుడు పాడితే పక్కవాడికి వినపడని ఉచ్చారణ దోషం మనకి పంటికింద రాయి. కాగితం మీద చేయి లేచిన చోట్లన్నీ మాట విరిగిన చోట్లే అయితే, నేరం సంగీతానిది కాదని రాసుకోండి.

పెద్ద ఆల్బమ్‌ని కోసుకోవడం

ఎల్పీ రోజుల్లో పక్కకి 22 నిమిషాలు దాటితే నాణ్యత పోయేది, కాబట్టి 45 నిమిషాలకి మించి పెట్టడం కష్టం. సీడీ వచ్చి 74 నిమిషాలిచ్చింది, స్ట్రీమింగ్ ఆ కంచె కూడా తీసేసింది. 17 పాటల ఆల్బమ్ నిరాశపరిస్తే, చాలాసార్లు అందులో 9 పాటల మంచి ఆల్బమ్ దాక్కుని ఉంటుంది. మూడు కాగితాల్లోనూ గుర్తు పడని పాటలన్నీ ఒక ప్లేలిస్ట్‌లో వేయండి. ఒకసారి మాత్రమే గుర్తు పడినవాటిలోంచి మంచివి కలిపి మొత్తం 38 నుంచి 45 నిమిషాలకి తెండి. వరస మార్చకుండా మొదట వినండి. ముందే సింగిల్‌గా వచ్చి అరిగిపోయిన పాటని మధ్యకి నెట్టండి. వరసగా రెండు నిదానం పాటలొస్తే విడదీయండి. తీసేసిన పాట లేని లోటు వారంలో ఒక్కసారీ అనిపించకపోతే మీ కోత సరైనదే.

గ్రూపులో, జేబులో

మూడు రోజులదాకా తీర్పు పెట్టొద్దు. తొలిరోజు మాట అన్నాక దాన్ని సమర్థించుకోవడానికే తర్వాత వింటాం. బావమరిది ఫోన్ చేసి "ఏటి బావా, ఎలా ఉంది?" అంటే "మూడోదీ ఆరోదీ విను, మిగతావి ఆదివారం చెప్తా" అనండి. అబద్ధం కాదు, మాట జారడం కాదు.

ముందస్తు బుకింగ్ సీడీలు, ఎల్పీలు, టీషర్టులు ఐదోసారి విన్నాకే. కచేరీ లెక్క వేరు. విశాఖకో భువనేశ్వర్‌కో పోవడమంటే టికెట్టు ధరకి రైలు, రాత్రి బస కలుస్తాయి. సెట్‌లిస్ట్ ఎఫ్‌ఎం అనే సైట్‌లో ఆ బ్యాండ్ ఇటీవలి కచేరీల్లో ఏ పాటలు పాడిందో అభిమానులు రాసి పెడతారు. కొత్త ఆల్బమ్ పాటలు ఎన్ని, పాతవెన్ని లెక్కపెట్టండి. 18 పాటల్లో కొత్తవి నాలుగైదే అయితే ఆల్బమ్ నచ్చకపోయినా టికెట్టు తీసుకోవచ్చు. సగం దాటితే ఆగండి.

పది రోజులయ్యాక కూడా రెండు పాటలైనా వాటంతట అవి గుర్తురాకపోతే లైబ్రరీలోంచి తీసేయండి. ఉంచితే యాప్ ఇలాంటివే ఇంకా వడ్డిస్తుంది. కాగితాలు మాత్రం పాత ఆల్బమ్ సీడీ పెట్టెలోనో, డైరీలోనో దాచండి, పైన తేదీ వేసి. లింకిన్ పార్క్ 2017 మేలో తెచ్చిన "వన్ మోర్ లైట్" మెత్తబడిపోయిందని చాలామంది పెదవి విరిచారు. జులైలో గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ చనిపోయాక ఆ పాటల్లోని మాటలే వేరేలా వినిపించాయి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ విన్నప్పుడు పాత కాగితం చూడకుండా కొత్తది రాయండి. 2:40 దగ్గర చేయి మళ్లీ లేస్తే ఆ పాటని ఇక అడగక్కర్లేదు.